స్ప్లెండర్ ముందు చక్రం: పుల్లల వీల్ తీసి అలాయ్ వేసుకునే పద్ధతి

అలాయ్ వీల్ కొనడానికి వెళ్లినవాళ్లు మొదట రిమ్ చూస్తారు. రంగు బాగుందా, మెరుస్తోందా, డిజైన్ కొత్తదా అని. నేనైతే వీల్‌ను నేల మీద పడుకోబెట్టి నడిమధ్యన హబ్ చూస్తాను. చక్రం బండికి కూర్చునేది అక్కడే. బ్రేక్ పట్టేది అక్కడే. స్పీడోమీటర్ తిరిగేది కూడా అక్కడి నుంచే. హబ్ సరిగ్గా కుదిరితే మిగతా పని ఒక పూటలో అయిపోతుంది. అది కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ వీల్ గోడకు ఆనించి పెట్టుకోవడానికే.

మా షెడ్డు మిర్యాలగూడలో. వచ్చే బండ్లలో స్ప్లెండర్లే ఎక్కువ. పాల క్యాన్లు కట్టుకొని తిరిగేవాళ్లు, చిట్టీ వసూళ్లకు వెళ్లేవాళ్లు, పల్లెల్లో బడికి వెళ్లి వచ్చే సార్లు. "అన్నా, ముందు చక్రం అలాయ్ వేసేయ్" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది పంక్చర్ల బాధ పడలేకే అడుగుతారు. అది న్యాయమైన కారణమే. కాబట్టి ఇక్కడ ముందు డ్రమ్ బ్రేక్ ఉన్న స్ప్లెండర్ ప్లస్ గురించే చెబుతాను. వేరే బండి ఉన్నవాళ్లకు కూడా పద్ధతి చాలావరకు ఇదే, కొలతలు మారతాయి.

ముందు మార్చాల్సిన అవసరం ఉందో లేదో చూడండి

పుల్లల చక్రం ఊగుతోందని అలాయ్‌కు పరిగెత్తక్కర్లేదు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, చిన్న పానాతో ఒక్కో పుల్లనూ మెల్లగా తట్టండి. బిగువుగా ఉన్న పుల్ల ఖణేల్‌మంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. 36 పుల్లల్లో నాలుగైదు వదులైతే బెండ్ తీసేవాడి దగ్గర కూర్చోబెడితే సరిపోతుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. రిమ్ లోపల, టేపు కింద తుప్పు పట్టి పెచ్చులు లేస్తుంటేనో, నిపుళ్లు, అంటే పుల్లను రిమ్‌కు బిగించే చిన్న నట్లు, తుప్పుకు పట్టేసి తిరగకుండా ఉంటేనో, రిమ్ అంచు గుంతలో పడి నొక్కుకుపోతేనో అప్పుడు మార్చడం గురించి ఆలోచించాలి.

పుల్లల చక్రంలో పుల్లలు దూరే చోటల్లా రిమ్‌కు రంధ్రమే. గాలి నిలవాలంటే ట్యూబ్ తప్పదు. ట్యూబ్‌కు మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, ముందు చక్రం అయితే హ్యాండిల్ చేతిలో నిలవదు. ట్యూబ్‌లెస్‌లో మేకు టైరులోనే బిగుసుకొని ఉండి, గాలి మెల్లగా దిగుతుంది. ఊరికి చేరేంత సమయం దొరుకుతుంది. రాత్రిపూట కాలువ గట్టు మీద ఒంటరిగా వచ్చేవాడికి అది చిన్న లాభం కాదు.

ఇక అలాయ్ అంటే తేలిక అనే మాట మన కమ్యూటర్ బండ్ల విషయంలో నమ్మకండి. పోత పోసిన చక్రం పుల్లల చక్రమంతే బరువు ఉండొచ్చు, కొన్నిసార్లు కాస్త ఎక్కువే ఉంటుంది. మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెబితే ఊరుకోండి. పైగా లోతైన గుంతలో గట్టిగా పడితే పుల్లల రిమ్ వంగుతుంది, వంగినదాన్ని చాలావరకు సరిచేయొచ్చు. అలాయ్ అయితే బీటలు వారుతుంది. బీట వారిన ముందు చక్రాన్ని వెల్డింగ్ చేయించి తొక్కడం నేను ఒప్పుకోను, ఎవరు అడిగినా చేయను. మీ దారి అంతా రాళ్లూ గుంతలే అయితే, మంచి పుల్లల చక్రమే మీకు నయం.

కొనేటప్పుడు

పాత చక్రం విప్పిన తర్వాతే కొనడానికి వెళ్లండి, కనీసం బ్రేక్ ప్యానెల్, అంటే బ్రేక్ షూస్ బిగించి ఉండే మూత, చేతిలో పట్టుకొని వెళ్లండి. స్ప్లెండర్ ముందు డ్రమ్ 130 మిల్లీమీటర్లు, చక్రం 18 అంగుళాలు, టైరు 2.75-18 లేదా కొత్త బండ్లలో 80/100-18. కొలతలు కాగితం మీద కలిస్తే చాలదు. షాపులోనే ఆ ప్యానెల్‌ను కొత్త హబ్‌లో పెట్టి చూడండి. షూస్ డ్రమ్‌లోకి సాఫీగా దిగాలి. ప్యానెల్ అంచుకూ హబ్ అంచుకూ మధ్య చుట్టూ ఒకే సందు కనిపించాలి. చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోకూడదు. స్పీడోమీటర్ గేర్‌ను పట్టి తిప్పే ఏర్పాటు హబ్‌లో ఉందో లేదో అప్పుడే చూడాలి. అన్నీ కుదిరి ఇదొక్కటి కుదరని వీల్స్ ఉంటాయి, బిగించాక మీటరు ముల్లు సున్నా మీదే ఉండిపోతుంది.

అన్నిటికన్నా తిన్నని దారి, ఇదే మోడల్ అలాయ్ వేరియంట్‌కు కంపెనీ వేసే చక్రాన్నే స్పేర్ పార్ట్‌గా తెచ్చుకోవడం. స్ప్లెండర్ ప్లస్ పుల్లల చక్రాలతోనూ అలాయ్‌తోనూ వచ్చింది కాబట్టి ఫోర్క్, ఇరుసు, బ్రేక్ కుదరవేమో అనే టెన్షన్ తక్కువ. చట్టం వైపు నుంచి కూడా అదే మేలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. వెడల్పాటి రిమ్, 17 అంగుళాల చక్రం అంటూ పోతే అక్కడ చిక్కు వస్తుంది. చక్రం చిన్నదైతే మీటరు తప్పు చూపిస్తుంది, బండి ముందుకు వంగి హ్యాండిల్ తీరు కూడా మారిపోతుంది.

బయటి కంపెనీ వీల్ అయితే ఐఎస్ఐ గుర్తు చూడండి. సైజు రిమ్ మీద పోతలోనే ఉంటుంది. ట్యూబ్‌లెస్ కావాలంటే ఆ మాట కూడా రిమ్ మీదే కనిపించాలి. అలాయ్ అయినంత మాత్రాన ట్యూబ్‌లెస్ కాదు. ట్యూబ్‌లెస్ రిమ్‌లో టైరు అంచు కూర్చునే చోటికి లోపలివైపు చిన్న గట్టులాంటిది ఉంటుంది, గాలి తగ్గినా టైరు అంచు రిమ్ లోపలికి జారిపోకుండా అది ఆపుతుంది. వేలితో తడిమితే తెలిసిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో సెకండ్ హ్యాండ్ తీసుకుంటుంటే ఇంకాస్త ఓపిక కావాలి. కొత్తగా రంగు కొట్టిన పాత చక్రం కనిపిస్తే నేను మొదట ఆకులు, అంటే పుల్లల బదులు ఉండే పోత కాడలు, హబ్‌లో కలిసే మూలలు చూస్తాను. బీట అక్కడే మొదలవుతుంది. తడి గుడ్డతో తుడిచి, వెలుగుకు ఏటవాలుగా పెట్టి చూస్తే వెంట్రుకంత గీత కూడా కనిపిస్తుంది. తర్వాత రిమ్ అంచు చుట్టూ వేలు పోనివ్వాలి. ఎక్కడైనా నొక్కు తగిలినా, సానపట్టిన నునుపు తగిలినా వదిలేయండి. ఆపైన బేరింగుల్లోంచి ఒక ఇరుసు దూర్చి తిప్పి చూడమని అడగండి. చూపించనంటే ఇంకో షాపు చూసుకోండి.

విప్పడం

బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి, సైడ్ స్టాండ్ మీద ఈ పని వద్దు. ముందు చక్రం నేల మీద ఉండగానే ఒకరు బండి పట్టుకుంటే ఇరుసు నట్టును పావు తిప్పు వదులు చేయండి. చక్రం గాల్లోకి లేచాక గట్టిగా లాగితే బండి స్టాండ్ మీద నుంచి దొర్లుతుంది. ఆ తర్వాత ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు భాగం లేపండి. దిమ్మ సైలెన్సర్ గొట్టానికి గానీ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు గానీ ఆనకూడదు. ఇటుకలు పెట్టేవాళ్లున్నారు, బరువు పడి ఇటుక పగిలితే చేతులు కింద ఉంటాయి. చెక్కే వాడండి.

ఏదైనా ఊడదీసే ముందు ఫోన్‌తో రెండు వైపులా ఫోటోలు తీయండి. కేబుల్ ఏ దారిన వస్తోంది, హబ్‌కూ ఫోర్కుకూ మధ్య ఉండే చిన్న స్పేసర్ ఏ పక్కన ఉంది అనేవి తర్వాత పనికొస్తాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న బండ్లకు సీబీఎస్, అంటే రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, తప్పనిసరి అయింది, హీరో దాన్ని ఐబీఎస్ అంటుంది. వెనక పెడల్ తొక్కినా ముందు బ్రేక్ కొంత పడుతుంది. అలాంటి బండి అయితే పెడల్ నుంచి వచ్చే కేబుల్ ఎక్కడ కలుస్తోందో బాగా చూసుకోండి.

బ్రేక్ ఆర్మ్ దగ్గర ఉన్న అడ్జస్టర్ నట్ విప్పి కేబుల్ తీయండి. అక్కడ చిన్న స్ప్రింగూ పిన్నూ ఉంటాయి, ఒక గిన్నెలో వేసుకోండి. స్పీడో కేబుల్‌ను పట్టి ఉంచే స్క్రూ తీసి దాన్ని బయటకు లాగండి. ఇప్పుడు నట్ పూర్తిగా తీసి ఇరుసును బయటకు తోయాలి. పట్టేసి ఉంటే నట్టును మళ్లీ మర కొన వరకు తిప్పి, దాని మీద చెక్క పెట్టి తట్టండి. సుత్తి నేరుగా మర మీద పడితే ఇరుసు పాడైనట్టే. ఇరుసు జారేటప్పుడు ఒక చెయ్యి చక్రం కింద ఉండాలి, స్పేసర్ కింద పడి దొర్లిపోకుండా చూడాలి.

బయటకు తీసిన ఇరుసును గాజు పలక మీదో గ్రానైట్ బండ మీదో దొర్లించి చూడండి. ఎగిరెగిరి దొర్లితే వంగిందని అర్థం, కొత్తది వేయాల్సిందే. వంగిన ఇరుసుతో కొత్త చక్రం వేస్తే తప్పంతా చక్రం మీదకు పోతుంది.

బేరింగులూ, వాటి మధ్య గొట్టమూ

కొత్త వీల్ కొన్నిసార్లు బేరింగులు లేకుండా వస్తుంది. పాత బేరింగ్ మీద నంబరు చదివి అదే తెచ్చుకోండి. 6301 అని ఉంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 37, మందం 12. పాతవి పీకి కొత్తదాంట్లో వేయకండి. పీకేటప్పుడు లోపలి రింగు మీదే దెబ్బ పడుతుంది, ఆ బేరింగ్ ఇక ఎన్నాళ్లో ఉండదు.

హబ్ లోపల రెండు బేరింగుల మధ్య ఒక ఇనుప గొట్టం ఉంటుంది. పాత చక్రం నుంచి తీసి పక్కన పెట్టినప్పుడు అది పనికిరాని ముక్కలా కనిపిస్తుంది. కానీ ఇరుసు నట్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడి అంతా ఒక బేరింగ్ లోపలి రింగు నుంచి రెండో బేరింగ్ లోపలి రింగుకు వెళ్లేది ఈ గొట్టం మీదుగానే. అది లేకపోతే, లేదా పొడవు తక్కువైతే, నట్టు బిగించే కొద్దీ లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి నొక్కుకుపోతాయి. చక్రం బిగుసుకుపోతుంది, లేదా తిరుగుతూ వేడెక్కి కొద్ది రోజుల్లోనే బేరింగ్ గరగరమంటుంది. "కొత్త వీల్ వేసినా సౌండ్ వస్తోంది" అని వచ్చే బండి హబ్ విప్పితే, ఎక్కువసార్లు గొట్టం ఉండదు, లేదంటే వేరే బండిది ఉంటుంది.

కాబట్టి కొత్త హబ్‌లో బేరింగులు కూర్చునే గట్టుల మధ్య దూరం కొలిచి, గొట్టం దానికి సరిపోతోందో లేదో చూడండి. గొట్టం ఆ దూరం కన్నా వెంట్రుక పొడవుగా ఉండొచ్చు గానీ, పొట్టిగా ఉండకూడదు.

వేసే పద్ధతి ఇది. హబ్ రంధ్రం శుభ్రంగా తుడిచి సన్నగా గ్రీజు రాయండి. ఒకవైపు బేరింగ్‌ను అడుగు తాకేదాకా నిటారుగా దించండి. కొట్టేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి. అందుకు పాత బేరింగ్‌ను పైన పెట్టి కొట్టొచ్చు, బయటి రింగుకు సరిపడే సాకెట్ ఉంటే ఇంకా మంచిది. తర్వాత చక్రం తిప్పి, గొట్టం వేసి, రెండో బేరింగ్‌ను దించండి. దాని లోపలి రింగు గొట్టాన్ని తాకగానే ఆపేయాలి. ఇక్కడ ఇంకో దెబ్బ ఎక్కువ వేస్తే మొదటి బేరింగ్ మీద ఒత్తిడి పడుతుంది. లోపల వేలు పెట్టి రెండు లోపలి రింగుల్నీ తిప్పి చూడండి. మెత్తగా, గింజలు తగిలినట్టు లేకుండా తిరగాలి. పైన డస్ట్ సీల్ మర్చిపోవద్దు, వానలో నీళ్లు లోపలికి పోకుండా ఆపేది అదే.

డ్రమ్, షూస్, టైరు

అలాయ్ హబ్ అల్యూమినియందైనా డ్రమ్ లోపల ఇనుప లైనర్ ఉంటుంది. కొత్తదానికి తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటే పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పాత షూస్ పాత డ్రమ్ తీరుకు అరిగి ఉంటాయి, కొత్త డ్రమ్‌లో అంతటా ఆనవు. మందం బాగానే ఉంటే పైన మెరుపు పోయేలా ఎమరీ పేపర్‌తో రుద్ది వాడొచ్చు. 2 మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చి ఉంటే కొత్తవే వేయండి. ప్యానెల్‌లోని దుమ్మును నోటితో ఊదకండి, గాలి పైపుతో కొట్టకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ము. తడిగుడ్డతో తుడవండి. బ్రేక్ క్యామ్‌కు గ్రీజు చుక్కంత చాలు, షూస్ మీదకు పాకితే బ్రేక్ పోయినట్టే.

టైరును లివర్లతో ఎక్కించేవాళ్ల దగ్గరకు అలాయ్ తీసుకెళ్లొద్దు. అంచుకు గాటు పడితే ట్యూబ్‌లెస్ గాలి అక్కడి నుంచే కారుతుంది. మెషిన్ ఉన్న చోటే వేయించండి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, చక్రం ముందుకు తిరిగే దిక్కుకు అది ఉండాలి. డ్రమ్ ఏ పక్కన వస్తుందో చెప్పకుండా ఇస్తే తిరగేసి వేస్తారు. అందుకని నేను డ్రమ్ పక్కన చాక్‌పీసుతో గుర్తు పెట్టి ఇస్తాను. టైరు మీద పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వ్ దగ్గరకు తెప్పించండి, టైరులో తేలిక భాగం అదే. గాలి పట్టాక వాల్వ్ చుట్టూ, రెండు అంచుల వెంటా సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఒంటరిగా వెళ్లినా వెనక మనిషి ఉన్నా స్ప్లెండర్ ముందు టైరుకు 25 పీఎస్ఐ ఉంచండి.

బిగించడం

ప్యానెల్‌ను హబ్‌లో పెట్టేటప్పుడు స్పీడో గేర్ తన గాడిలో కూర్చుందో లేదో మెల్లగా తిప్పి చూడండి. కూర్చోకుండా ఇరుసు బిగిస్తే గేర్ చెవులు చితికిపోతాయి. ప్యానెల్ హబ్‌లోకి పూర్తిగా దిగి, అంచు లోపలికి ఒదిగితేనే గేర్ కూర్చున్నట్టు.

చక్రాన్ని ఫోర్కుల మధ్యకు లేపండి. ఇప్పుడు చెప్పేది మాత్రం నిదానంగా చదవండి. ఒక ఫోర్కు కాలికి లోపలివైపు చిన్న బొడిపె పోత పోసి ఉంటుంది. బ్రేక్ ప్యానెల్‌లో దానికి సరిపోయే గాడి ఉంటుంది. ఆ బొడిపె ఆ గాడిలో దూరాలి. బ్రేక్ పట్టినప్పుడు చక్రంతో పాటు ప్యానెల్ తిరిగిపోకుండా ఆపేది ఆ ఒక్క బొడిపే. అది గాడిలో లేకుండా కూడా ఇరుసు దూరుతుంది, నట్టు బిగుస్తుంది, చక్రం తిరుగుతుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. కానీ రోడ్డు మీద గట్టిగా బ్రేక్ నొక్కగానే ప్యానెల్ గిర్రున తిరిగి కేబుల్ తెగుతుంది, చక్రం బిగుసుకుపోతుంది. మనిషి హ్యాండిల్ మీద నుంచి పడతాడు. నట్టు బిగించే ముందు టార్చ్ వేసి చూడండి, తర్వాత ప్యానెల్‌ను చేత్తో పట్టి తిప్పడానికి ప్రయత్నించండి. కదలకూడదు.

ఇరుసుకు పల్చగా గ్రీజు రాసి దూర్చండి. స్పేసర్ ప్యానెల్ లేని రెండో పక్కన ఉండాలి. నట్టును ముందు చేత్తోనే తిప్పండి. కేబుళ్లు తగిలించి, బండిని కిందికి దించి, ముందు బ్రేక్ నొక్కి పట్టుకొని హ్యాండిల్‌ను కొన్నిసార్లు కిందకూ పైకీ ఆడించండి. ఫోర్కులు ఇరుసు మీద తమ చోటు తామే చూసుకుంటాయి. బ్రేక్ అలాగే నొక్కి ఉంచి నట్టు బిగిస్తే షూస్ డ్రమ్ మధ్యన కుదురుకుంటాయి. ఎంత బిగువో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ పానా ఉన్నవాళ్లు దాన్నే వాడాలి. నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు అయితే ఈసారికి కొత్తది వేయండి, ఆ రింగు ఒకటి రెండుసార్లకే పట్టు వదిలేస్తుంది.

మళ్లీ ముందు భాగం లేపి చక్రం తిప్పండి. ఒక తీగ ముక్కను ఫోర్కుకు కట్టి, కొన రిమ్ అంచుకు దగ్గరగా పెట్టి చూస్తే ఊగు తెలుస్తుంది. పక్కకైనా పైకైనా 2 మిల్లీమీటర్లు దాటకూడదు. కొత్త అలాయ్ అంతకన్నా ఊగితే దాన్ని బెండ్ తీయడం కుదరదు, షాపుకు తిరిగి ఇచ్చేయండి. రెండు ఫోర్కుల నుంచీ రిమ్ దూరం స్కేలుతో కొలవండి, సమానంగా రావాలి. తేడా వస్తే స్పేసర్ మారిందని అనుమానించాలి. బ్రేక్ లీవర్ కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండేలా నట్టు సర్దండి. సీబీఎస్ ఉన్న బండికి లీవర్, పెడల్ విడివిడిగా నొక్కి చక్రం ఆగుతుందో లేదో చూడండి.

డిస్క్ ఉన్న బండ్ల గురించి రెండు మాటలు. చక్రం బయట ఉండగా బ్రేక్ లీవర్ ముట్టుకోకండి, ప్యాడ్లు దగ్గరకొచ్చేస్తే డిస్క్ మళ్లీ దూరదు. అట్ట ముక్క మధ్యలో పెట్టి ఉంచండి. డిస్క్ బోల్టులకు థ్రెడ్ లాక్ మందు రాసి, ఎదురెదురు వరసలో బిగించాలి. ఏబీఎస్ ఉంటే సెన్సార్ రింగు కూడా అదే కొలతలో ఉండాలి. బుల్లెట్ లాంటి బండ్లకు ఇంట్లో ఈ పని మొదలుపెట్టొద్దని నా సలహా.

మొదటిసారి రోడ్డెక్కేటప్పుడు ఖాళీ రోడ్డు చూసుకొని, 20 వేగంలో చాలాసార్లు మెల్లగా బ్రేక్ పట్టండి. కొత్త డ్రమ్‌లో షూస్ కుదురుకునేదాకా పట్టు తక్కువగానే ఉంటుంది, ఆ కొద్ది రోజులూ ముందు బండికి దూరం పెంచండి, వెనక క్యాన్లు కట్టకండి. ఆగినప్పుడు హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, కాలుతుంటే బ్రేక్ పట్టేసి ఉంది, లేదా బేరింగ్ నొక్కుకుపోయింది. ఇంటికొచ్చాక ఇరుసు నట్టు మీద మళ్లీ ఒకసారి పానా వేయండి, వారం తర్వాత ఇంకోసారి. పాత పుల్లల చక్రం బాగుంటే తుక్కుకు వేయకండి. గొట్టం, స్పేసర్ కొత్తదాంట్లోకి వెళ్లిపోయి ఉంటాయి కాబట్టి ఆ కొలతలు చాక్‌పీసుతో కాకుండా మార్కర్‌తో దాని రిమ్ మీదే రాసి అటక మీద పెట్టండి.